దొరగారి బొమ్మలో మా మంగ

నేనున్న బొమ్మలో నేను లేనన్నారు. మా రాజమండ్రి ప్రయాణానికి కారణం అదొక్కటే. లేకపోతే కుప్పనూర్పుల రోజుల్లో గేదెల్ని తోడికోడలికి అప్పజెప్పి, పడవెక్కి అంతదూరం పోవలసిన ఖర్మ నాకేమిటి?

ముందు సంగతి ముందు చెప్పాలి. మా ఊరు ద్రాక్షారామానికి కోసెడు దూరం, కాలువ గట్టు మీదే. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా నాట్లు మొదలుపెట్టేనాడు మొదటి నారుకట్ట ఇంటి ఆడపడుచే నాటాలి. ఎంత దూరాన కాపురం చేస్తున్నా ఆ రోజుకి పుట్టింటికి వచ్చి తీరాలి. పసుపు నీళ్లలో ముంచిన చీర కట్టుకుని, కొప్పులో నాలుగు నారు పరకలు దోపుకుని చేలో దిగుతుంది. వదిన పసుపుకుంకాల పళ్లెంతో దాని పక్కనే నిలబడుతుంది. కూలి ఆడవాళ్లు వెనక వరసకట్టి పాట అందుకుంటారు. నాట్లు అందరూ వేస్తారు గాని, కొప్పులో నారు దోపుకోవడం మాత్రం మా ఇంటిదొక్కటే. అది చూసి పరగణాలో ఎవరైనా ఫలానా వారి ఆడపడుచు అని చెప్పేస్తారు.

ఆ ఆడపడుచు మా మంగ. మా అత్తగారు పోయేనాటికి అది పాకే పిల్ల. నా చేతుల్లోనే పెరిగింది. తునికి దగ్గర పల్లెలో వీరభద్రయ్యగారి రెండో అబ్బాయికి ఇచ్చాం. కాపురం బాగానే ఉంది. ఈ ఏడు నాట్లకి అది వచ్చినప్పుడు కాలువ బంగళాలో ఒక దొర దిగి ఉన్నాడు. కాలువల ఇంజనీరుగారి తమ్ముడట. ఫ్రాన్సు దేశం వెళ్లి బొమ్మలు వేయడం నేర్చుకుని వచ్చాడట. మేము చేలో దిగిన పొద్దున్న ఆయన గట్టు మీద పెద్ద గొడుగు పాతుకుని, మూడుకాళ్ల బల్ల మీద గుడ్డ బిగించి, మమ్మల్ని చూస్తూ రంగులు పూయడం మొదలుపెట్టాడు. మావారు వద్దనబోతే బంగళా బంట్రోతు, "కదలకండి, దొరగారు మిమ్మల్ని రాస్తున్నారు" అని కేకేశాడు.

నాట్ల ముహూర్తం అయ్యాక నేను గట్టెక్కి ఆ గుడ్డ చూశాను. దగ్గరికి వెళ్తే అన్నీ మరకలే. నాలుగడుగులు వెనక్కి వస్తే మాత్రం చేను, మబ్బు, నీళ్లు, మంగ, దాని పక్కన ఎర్రచీరలో నేను, నా చేతిలో ఇత్తడి పళ్లెం, వెనక కూలి ఆడవాళ్లు అందరూ కనబడ్డారు. ముక్కూ మొహం ఎవరికీ లేవు. అయినా ఎవరు ఎవరో తెలుస్తూనే ఉంది. ఇదేదో బాగానే ఉందే అనుకుని మళ్లీ చేలోకి దిగాను. మంగ నాట్లు ముగిశాక అత్తారింటికి వెళ్లిపోయింది.

కార్తీకంలో వచ్చింది అసలు కబురు. వీరభద్రయ్యగారి చుట్టం ఒకాయన దావా పనిమీద రాజమండ్రి వెళ్లి, అక్కడ దొరలు పెట్టిన ఎగ్జిబిషనులో ఈ బొమ్మ చూశాడట. చూసినవాడు ఊరుకోక, "మీ కోడలు కొప్పులో నారు పెట్టుకుని, దొర ముందు నీళ్లలో ఒక్కత్తీ నిలబడి ఉంది. చుట్టుపక్కల పిట్ట కూడా లేదు" అని ఊరంతా చాటింపు వేశాడు. అంతే. వారం తిరక్కుండా మంగని మా గుమ్మంలో దింపారు. నిజం తేలేదాకా పుట్టింట్లోనే ఉండమన్నారట. మా అల్లుడు సాగనంపడానికి వాళ్ల గుమ్మం దాకా కూడా రాలేదట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం మంగ మొహం పక్కకి తిప్పుకుంది.

చేలో అందరం దాని పక్కనే ఉన్నామని మేము చెప్పి పంపాం. కూలి ఆడవాళ్లు భీమేశ్వరుడి మీద ప్రమాణం చేస్తామన్నారు. "మీ కూలోళ్లు మీ మాటే చెప్తారు" అని జవాబొచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే ఆ బొమ్మనే అడుగుదాం రమ్మన్నాను. వచ్చే శుక్రవారం వీరభద్రయ్యగారు రైలు మీద రాజమండ్రి వచ్చేటట్టూ, మేము పడవ మీద వెళ్లేటట్టూ ఒప్పందం అయింది. ఆ చుట్టం కళ్లు కాకులు పొడిచాయని తేల్చి, మంగని మావగారితో రైలెక్కించి రావాలి. అదీ మా పని.

బుధవారం పొద్దున్నే పడవెక్కాం, నేను, మావారు, మంగ. మనిషికి అర్ధరూపాయి అడిగితే మావారు బేరమాడి ఆరణాలకి దింపారు. ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక మాట. పడవలో ముందువైపు చోటు చూసుకోండి. వెనక చుక్కాని దగ్గర సరంగు పొయ్యి ఉంటుంది, ఆ పొగ మనకే. ఎదురునీటికి పోవాలి గనక ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. వాళ్లు చుట్ట కాల్చుకోవడానికి ఆగితే మనమూ ఆగుతాం.

మా పక్కన కోరంగి వైపు నుంచి వస్తున్న పోలమ్మ అనే పల్లెకారుల ఆవిడ ఎండుచేపల గంపతో కూర్చుంది. ఎదురుగా ప్లీడరు గుమాస్తా ఒకడు, ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు.

"ఏవమ్మా, ఆ గంప కాస్త అవతలకి జరుపు" అన్నాడతను.

"గంపకి డబ్బులిచ్చాను బాబూ. వాసనకేం టిక్కెట్టు లేదు, మీరు ఊరికే పీల్చుకోవచ్చు" అంది పోలమ్మ. పడవంతా నవ్వింది. చాలా రోజుల తర్వాత మంగ కూడా నవ్వింది.

ఆ నవ్వు చూసి పోలమ్మ దానివైపు తిరిగింది. "ఏంటమ్మా, అత్తారింటికా, పుట్టింటికా?"

"తెలీదమ్మా" అంది మంగ.

ఆ జవాబు విని నేనే ఉండబట్టలేక కథంతా చెప్పాను. చేలో ఎంతమంది ఉన్నామో, నేను ఏ చీర కట్టానో, పాట ఎవరు ఎత్తుకున్నారో అన్నీ చెప్పాను. పోలమ్మ తమలపాకు నములుతూ విని, "మా ఆడోళ్లం రోజూ ఏటొడ్డున ఒక్కళ్లమే నిలబడతామండి, పొద్దున పోయిన పడవ తిరిగొచ్చిందాకా. మరి మమ్మల్ని ఎవరింటికి పంపుతారంటారు?" అంది.

"మీ సంగతి వేరు, మా సంగతి వేరు" అన్నాను కొంచెం గట్టిగానే.

ఆవిడ గంప మూత సర్దుకుంది. మంగ మాత్రం నావైపు ఒకసారి చూసి, మళ్లీ నీళ్లలోకి చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం పెరుగన్నం, మాగాయ ముక్క తిన్నాం. దారిలో లాకుల దగ్గర తలుపులు మూసి నీళ్లు నింపేదాకా పడవ ఆగింది. అక్కడ దిగి కాళ్లు చాచుకోవచ్చు. బెల్లం జీళ్లు అమ్ముతారు గాని ఈగల్ని తోలి కొనుక్కోవాలి. రెండు పక్కలా కోసిన చేలు, కుప్పలు, కళ్లాల్లో ఎడ్లు. చూసినకొద్దీ మా కళ్లం గుర్తొచ్చి, ఆ దొరని మనసులో తిట్టుకుంటూ వచ్చాను. నిజానికి అప్పటికి దొర మీద నాకంత కోపం లేదు. కోపమంతా తుని చుట్టం మీద.

గురువారం పొద్దెక్కాక ధవళేశ్వరం చేరాం. ఆనకట్ట చూడవలసిందే. నది అంతటిని ఒక గోడ ఆపి, కాలువల్లోకి తిప్పి, మా చేల దాకా పంపుతుంది. అది కట్టిన దొర మాకు నీళ్లిచ్చాడని మావారు దణ్ణం పెట్టారు. "నీళ్లిచ్చిన దొరకి దణ్ణం పెట్టండి. ఇంకో దొర ఏం పట్టుకుపోయాడో రేపు తేలుతుంది" అన్నాను. అక్కణ్ణించి జట్కా బండి. రాజమండ్రి దాకా దారంతా దుమ్ము, ఒళ్లు హూనం.

రేవుకి దగ్గర్లో ఒక పూటకూళ్లమ్మ ఇంట్లో దిగాం. పూటకి రెండణాలు. పప్పులో నీళ్లెక్కువ, పులుసు మాత్రం దివ్యంగా ఉంది. పప్పు గురించి నేను ఒక మాట అంటే, "గోదారి పక్కనే ఉందమ్మా, నీళ్లకి కరువా" అంది ఆవిడ. ఊళ్లోవాళ్లకి నోరు ఎక్కువ. సాయంత్రం రేవులో స్నానం చేసి మెట్ల మీద కూర్చుంటే కొత్త రైలు వంతెన మీద బండి పోయింది. ఎంతసేపు పోయిందో! మావారు డబ్బాలు లెక్కపెట్టబోయి మధ్యలో మానేశారు. మంగ ఆ బండి కనబడకుండా పోయేదాకా చూసి, "రేపు నేను ఇలాంటిదే ఎక్కుతాను కదా వదినా?" అని అడిగింది.

"ఎక్కకపోతే నన్నడుగు" అన్నాను.

శుక్రవారం పొద్దున్న వీరభద్రయ్యగారు బండి దిగి సూటిగా మా బసకే వచ్చారు. భారీ మనిషి, తెల్లటి తలపాగా, చేతిలో పొన్నుకర్ర. మావారిని "బావున్నావా అబ్బాయ్" అన్నారు. నన్ను "ఏమ్మా" అన్నారు. మంగ వంగి దణ్ణం పెడితే తలూపి ఊరుకున్నారు. నలుగురం కలిసి ఎగ్జిబిషను పెట్టిన బంగళాకి నడిచాం.

గుమ్మం దగ్గర బంట్రోతు ఆపాడు. లోపల దొరసానులు ఉన్నారు, వాళ్లు బయటికి వచ్చేదాకా ఎండలో నిలబడాలట. నిలబడ్డాం. మా ఇంటి పిల్ల బొమ్మ లోపల నీడపట్టున హాయిగా ఉంది, మేము బయట మాడుతున్నాం. చివరికి మనిషికి అణా చొప్పున పుచ్చుకుని వదిలాడు. లోపల బండెడు గుమ్మడికాయలు, చెరుకులు, ఏలూరు తివాచీలు, గడ్డి కూరిన పెద్దపులి ఒకటి. పులి దగ్గరే జనం అంతా. బొమ్మలు చివరి గదిలో ఉన్నాయి. కోటు వేసుకున్న గుమాస్తా ఒకడు చేతిలో సన్నబెత్తం పట్టుకుని, వచ్చినవాళ్లకి ఏది ఏమిటో చెబుతున్నాడు.

నేను ముందు నడిచి, గోడ దగ్గరికి వెళ్లి, వేలు చాపి, "ఇదిగో చూడండి బాబాయిగారూ" అన్నాను.

అన్నాక చూశాను.

చేను ఉంది. మబ్బు ఉంది. మోకాలి లోతు నీళ్లలో పసుపు చీరలో మంగ ఉంది, కొప్పులో నారు పరక కూడా ఉంది. దాని చుట్టూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పచ్చటి నాట్లు తప్ప ఇంకేమీ లేదు. కూలి ఆడవాళ్లు లేరు. నేను లేను. తుని చుట్టం అక్షరాలా నిజమే చెప్పాడు.

నా వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. చెప్పొద్దూ, బొమ్మ బాగుంది. తడిసిన గాలి కూడా కనిపిస్తున్నట్టే ఉంది. అంత బాగుండడం వల్లే నాకు ఇంకా మండింది.

"దీని పేరు 'ఒంటరి స్త్రీ' అండి" అన్నాడు గుమాస్తా, బెత్తంతో మంగని చూపించి. "దగ్గరికెళ్తే మరకలు, దూరం నుంచి మనిషి. ఇప్పుడు ఫ్రాన్సులో అంతా ఇలాగే వేస్తున్నారండి."

వీరభద్రయ్యగారు కర్ర మీద రెండు చేతులూ మోపి బొమ్మ చూశారు. "చూశావా అమ్మా" అన్నారు నాతో, మెల్లగా. మంగ తల వంచుకుంది. మావారు తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నారు. ఆయనకి ఏం చేయాలో తోచనప్పుడు చేసే పని అది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. నా కళ్లతో చూసిన బొమ్మ ఇది. నా చీర నాకు తెలీదా? బొమ్మ ముందు కట్టిన తాడు దాటి దగ్గరికి వెళ్లాను. గుమాస్తా "అమ్మా, అమ్మా" అంటున్నా వినలేదు. పచ్చరంగు మిగతా చోట్ల పలచగా ఉంది, మంగ పక్కన మాత్రం పిడక కొట్టినట్టు మందంగా ఉంది. ఆ మందం కింద ఏముందో ఎవరికి తెలుసు? అక్కణ్ణించి కిందికి, నీళ్లలోకి చూశాను. మంగ కాళ్ల పక్కన నీళ్లలో ఎర్రటి చార ఒకటి వణుకుతూ ఉంది. దాని మధ్యలో బంగారు రంగు చుక్క. ఆ వెనక బూడిదరంగు, నీలం, గచ్చకాయరంగు చారలు వరసగా ఉన్నాయి.

"నా చీర!" అని అరిచాను. పులి దగ్గర ఉన్న జనం కూడా ఇటు తిరిగారు. "ఇదిగో నా చీర నీడ. ఇదిగో పళ్లెం. ఇవి మన కూలి ఆడవాళ్ల నీడలు. మనుషుల్ని చెరిపేశాడు, నీడల్ని మర్చిపోయాడు! బాబాయిగారూ, నాలుగడుగులు వెనక్కి రండి. ఇక్కణ్ణించి చూడండి. నీళ్లలో ఎర్రచీర ఉంటే నీళ్ల పైన ఎర్రచీర ఉండాలా వద్దా?"

గుమాస్తా నవ్వాడు. "అది సూర్యకాంతి అండి. పొద్దున్న ఎండ నీళ్ల మీద పడితే ఎర్రగానే ఉంటుంది."

"మబ్బు కమ్మి ఉంది కదండీ. సూర్యుడెక్కడున్నాడు?" అన్నారు మావారు. పెళ్లయ్యాక ఆయన సమయానికి మాట్లాడిన సందర్భాలు తక్కువ. అందులో ఇదొకటి.

"చిత్రకళలో అవన్నీ ఉంటాయండి, మీకు తెలీదు" అన్నాడు గుమాస్తా.

వీరభద్రయ్యగారు నేను చెప్పిన చోట నిలబడి చూశారు. చాలాసేపే చూశారు. "ఏమోనమ్మా. మరకల్ని పట్టుకుని సాక్ష్యం అంటే ఊళ్లో నలుగురూ ఒప్పుకుంటారా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే దొర వచ్చాడు. అదే మనిషి, అదే పొడుగుచేతుల చొక్కా, పక్కన ఇద్దరు దొరసానులు. గుమాస్తా నా గొడవ ఏమిటో ఇంగ్లీషులో చెప్పినట్టున్నాడు. దొర నన్ను ఎగాదిగా చూసి, పెద్దగా నవ్వి, చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. దొరసానులూ నవ్వారు.

గుమాస్తా మొహం మారింది. "అవునటండి. చాలామంది ఉన్నారట. ఎర్రచీర కట్టుకున్న లావుపాటి ఆవిడ ఒకరు పళ్లెం పట్టుకుని అడ్డంగా నిలబడిందట. బంగళాకి వెళ్లాక అందర్నీ పచ్చరంగుతో కప్పేశారట. నీళ్లలో నీడలు మాత్రం రంగు బాగుందని ఉంచేశారట" అని ఆగి, "ఆవిడ మీరేనా అని అడుగుతున్నారండి" అన్నాడు.

"నేనే. ఎందుకు కప్పాడట?"

వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు. "గుంపు ఉంటే చూపు నిలవదటండి. ఒక్కతే ఉంటే చూసేవాళ్లకి జాలి కలుగుతుందట."

"కలిగింది బాబూ, జాలి తుని దాకా కలిగింది!" అన్నాను. నా గొంతు ఆ గదిలో మోగింది. "చెప్పు ఆయనకి. మేము పాట పాడుకుంటూ నాటుకునేవాళ్లం. మాకు జాలి ఎందుకు? ఆయన పచ్చరంగు ఒక పూతతో ఈ పిల్ల కాపురం వీధిన పడిందని చెప్పు. మా ఇంటి ఆనవాయితీ కొప్పులో ఉంచి, మా ఇంటి మనుషుల్ని మాత్రం తీసి పారేస్తే ఎలా అని అడుగు. అసలు మమ్మల్ని అడిగి రాశాడా, అడిగి చెరిపాడా?"

గుమాస్తా దొరతో రెండే ముక్కలు చెప్పాడు. దొర నావైపు వంగి టోపీ తీశాడు.

"ఏం చెప్పావు?"

"మీకు బొమ్మ చాలా నచ్చిందని చెప్పానండి" అన్నాడు గుమాస్తా, గొంతు తగ్గించి. "ఉద్యోగం అండి, మీరేమీ అనుకోకండి."

దొర దొరసానులతో పులిని చూడ్డానికి వెళ్లిపోయాడు. ఇటు చూస్తే వీరభద్రయ్యగారి మొహం విప్పారి ఉంది. కర్ర నేలకి ఆనించి, "ఇంకేంటి మరి! దొరగారే స్వయంగా చెప్పాక తిరుగేముంది? పద మంగా, మధ్యాహ్నం బండికి వెళ్లిపోదాం. మీ అత్తగారు ఎదురుచూస్తా ఉంటుంది" అన్నారు.

గెలిచాం. నేను కోరుకున్నది అదే. అయినా సంతోషం ఎక్కడా కనబడలేదు. చేలో ఉన్న ఆడవాళ్లంతా దేవుడి మీద ప్రమాణం చేస్తామంటే అది కూలోళ్ల మాట. నా కడుపున పుట్టకపోయినా పుట్టినదానిలా పెంచిన నేను చెప్తే అది ఇంటివాళ్ల మాట. నీళ్లలో నా చీర చూపిస్తే అది మరక. ఎవర్ని చెరిపాడో వాళ్లని చూసి నవ్వి, దొర ఒక్క ముక్క అంటే అది వేదం! ఇదంతా అనేద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు మంగ మాట్లాడింది.

"మావయ్యగారూ, ఒక మాట అడగనాండీ?"

"అడుగమ్మా."

"వీళ్లంతా లేకుండా, నిజంగానే నేనొక్కదాన్నే చేలో నిలబడి ఉంటే మీరేం చేసేవారండి?"

"ఉన్నారుగా. ఇంకా ఆ మాట దేనికి?"

"లేకపోతే అండి."

ఆయన తివాచీల వైపు చూశారు. "ఊళ్లో ఉండేవాళ్లం, నలుగురి మాటా వినాలి కదమ్మా."

"ఆయనేమన్నారండి?"

"మా అబ్బాయేమంటాడు? నేనేమంటే అదే."

మంగ కొంగు నిండుగా కప్పుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. "అయితే ఆయన్నే రమ్మనండి. మా ఊరు రమ్మనండి. ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్తాను. నా మాట విని నమ్మితే ఆయనతో వస్తాను. బొమ్మ చూసి నమ్మినవాళ్లతో రాలేనండి" అంది.

నేను దాని జబ్బ మీద గిల్లాను. "మతిపోయిందే నీకు? ఇంతదూరం వచ్చింది దేనికి?" అన్నాను చెవిలో. చేజిక్కిన కాపురాన్ని కాలదన్నుకుంటోందని నా భయం.

"రానంటోంది కదా, వదిలెయ్యి" అన్నారు మావారు. తలపాగా ముట్టుకోలేదు.

వీరభద్రయ్యగారు ఎర్రబడ్డ మొహంతో, "మంచికి పోతే చెడు ఎదురైంది" అని కర్ర టకటకలాడిస్తూ బయటికి నడిచారు. గుమ్మంలోంచి చూస్తే ఎండలో ఆయనొక్కరే స్టేషను వైపు పోతున్నారు. దారిలో ఎవరూ ఆపి, ఎందుకు ఒక్కరే పోతున్నారని ఆయన్ని అడగలేదు.

ఆ సాయంత్రమే బయలుదేరి ధవళేశ్వరంలో పడవ పట్టుకున్నాం. తిరుగు ప్రయాణం వాలునీరు. అయినా నాకు దారి తెమల్లేదు. మర్నాడు తెల్లవారినప్పటి నుంచీ మంగని సాధిస్తూనే ఉన్నాను. మావగారు పెద్దమనిషి, తగ్గి వచ్చాడు, నువ్వు కూడా ఒక మెట్టు దిగితే ఏం పోయింది అన్నాను. అన్నీ విని అది ఒకే మాట అంది.

"వదినా, నువ్వు పోలమ్మతో మీ సంగతి వేరు అన్నావు. ఎలా వేరు?"

ఇన్నాళ్లూ మంగ ఒక్కతే లేదు, మేమందరం ఉన్నాం అని అరిచాను గాని, ఒక్కతే ఉంటే మాత్రం ఏమిటి అని ఒకనాడూ అరవలేదు. నా సొంత చేలో నిలబడ్డానికి నాకు సాక్షులు కావాలా? ఆ దొర మీద నాకు కోపం ఈనాటికీ తగ్గలేదు. కాని ఆయన చెరిపింది గుడ్డ మీద. గుమ్మంలో దింపిపోయింది మన మనుషులు. ఇప్పటికైతే అల్లుడు రాలేదు. నాట్లకి ఇంకా చాలా రోజులున్నాయి. వస్తే కడుపునిండా భోజనం పెడతాను, దానికంటే ముందు నాలుగు చీవాట్లు కూడా పెడతాను.

రాజమండ్రి వెళ్లేవాళ్లు ఆ బంగళాకి వెళ్తే పులి దగ్గర ఆగిపోకండి. చివరి గదిలో మంగ బొమ్మ ముందు నాలుగడుగులు వెనక్కి జరిగి, నీళ్లలోకి చూడండి. మేమందరం అక్కడే ఉన్నాం. గుమాస్తా ఎండ అని చెప్తాడు, నమ్మకండి.

మా ఊరి పొలిమేరలో కాలువ మలుపు తిరిగేచోట మా చేను వస్తుంది. కోత అయిపోయి మోళ్లు మిగిలాయి. ఆ చేను కనబడగానే మంగ లేచి నిలబడి, పడవ గట్టుకి చేర్చమని సరంగుని అడిగింది.

నేనూ మూట సర్దుకుని లేవబోయాను. "నువ్వు పడవలోనే రా వదినా. నేను నడిచి వస్తాను" అంది. మావారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

గట్టు మీద అది తలెత్తుకుని నడుస్తోంది. చేలోంచి గాలి వస్తే కొంగు సర్దుకుంది గాని ఆగలేదు. పడవలో ఉన్నవాళ్లంతా అటే చూస్తున్నారు. లాకుల దగ్గర ఎక్కిన పెద్దాయన ఒకడు మెడ చాచి, "ఎవరండీ ఆ అమ్మాయి, ఒంటరిగా పోతోంది? వెనక ఎవరూ లేరా పాపం?" అన్నాడు.

"మా ఆడపడుచండి. అది మా చేను, నడవాలనిపించి నడుస్తోంది" అన్నాను. "ఆ పాపం మీ దగ్గరే ఉంచుకోండి."